డబ్బాలోకి చెయ్యి పెట్టొద్దు



కోరుట్లలో గల్ఫ్ కార్గో పెట్టె చూడని ఇల్లు తక్కువ. దుబాయి నుంచో మస్కట్ నుంచో బయల్దేరి, సముద్రం దాటి, ఒక పొద్దున ఆటోలో వచ్చి ఇంటి ముందు దిగుతుంది. చుట్టూరా టేపు, టేపు మీద నైలాన్ తాడు, నాలుగు పక్కలా నల్ల మార్కర్‌తో పేరు, ఊరు, ఫోన్ నంబరు. నా చిన్నప్పుడు మా ఇంటికొచ్చిన పెట్టె ఒకటి ఇప్పటికీ కళ్లముందే ఉంది. కంబళ్లు, పాలపొడి డబ్బాలు, సబ్బులు, వాటి నడుమ తువ్వాలలో చుట్టిన మిక్సీ. మిక్సీ చూసి మురిసిపోయాక అమ్మ దాని ప్లగ్గు చూసింది. మూడు బల్లపరుపు కాళ్లు. మన గోడ సాకెట్‌లోకి పోయే రకం కాదు. ఇంతలో చిన్నాన్న పెట్టె అడుగున తడిమి ఒక కాగితం పొట్లం తీశాడు. అందులో మన సాకెట్‌కు పట్టే అడాప్టర్ పిన్ను. పంపినాయన ఎడారిలో కూచుని కూడా మా గోడను మరిచిపోలేదు.

ఇప్పుడు నేను సర్వర్లు చూసుకునే పని చేసుకుని బతుకుతున్నాను. కంటైనర్ అనే మాట మా పనిలో పొద్దున లేస్తే వాడేదే. అదేమిటని ఎవరడిగినా ఆ పెట్టె కథే చెప్తాను. ఒక ప్రోగ్రాముకు ఫలానా పైథాన్ వెర్షన్ కావాలి, ఫలానా లైబ్రరీ కావాలి, ఫలానా ఫైలు ఫలానా చోట ఉండాలి. రాసినవాడి కంప్యూటర్‌లో ఇవన్నీ ఉంటాయి. పట్టుకెళ్లి పెట్టిన సర్వర్‌లో ఒకటి ఉండి ఒకటి ఉండదు. నా దగ్గర నడిచిందే, నీ దగ్గర ఎందుకు నడవదు అని మా వృత్తిలో జరిగినన్ని తగాదాలు కల్లు దుకాణం దగ్గర కూడా జరగవు. కంటైనర్ అంటే ప్రోగ్రామును అడాప్టర్ పిన్నుతో సహా కట్టి పంపడం.

పేరు ఓడల దగ్గర నుంచే వచ్చింది. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్లీన్ అనే లారీల యజమాని ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడ మీద 58 లోహపు పెట్టెలు పెట్టి అమెరికాలో న్యూఆర్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. అంతకుముందు రేవులో హమాలీలు బస్తా బస్తా మోసి ఎక్కించేవారు. సాఫ్ట్‌వేర్‌లో అలాంటి రోజు 2013 మార్చిలో వచ్చింది. శాంటా క్లారాలో పైథాన్ వాళ్ల సమావేశం జరుగుతుంటే సాలొమన్ హైక్స్ అనే ఆయన అయిదు నిమిషాల ప్రసంగంలో డాకర్‌ను చూపించాడు. డాకర్ అంటే రేవు హమాలీ. నిజానికి లోపలి యంత్రాంగం కొత్తది కాదు. ఒకే లైనక్స్ ఇంట్లోని వేరువేరు గదుల్లో ఏ గదికి ఎంత కరెంటు, ఎంత నీళ్లు అని మీటర్లు బిగించే పని గూగుల్ ఇంజనీర్లు 2006లోనే మొదలుపెట్టారు. 2008కల్లా అది లైనక్స్‌లో కలిసింది. డాకర్ చేసిందల్లా ఆ గదిని తాడేసి కట్టి ఎవరైనా ఎత్తుకుపోగలిగేలా చెయ్యడం.

పెట్టె కట్టడం సులువయ్యేసరికి పెట్టెలు పెరిగాయి. ఒక సర్వర్ మీద మూడుండేవి ముప్పై అయ్యాయి. ఏది ఏ మిషన్ మీద ఉంది, ఏ తలుపు గుండా పలుకుతుంది, ఏది పడిపోతే ఎవరు లేపాలి? ఇవన్నీ ఒక మనిషి తలకాయలో ఉంటే ఆ మనిషికి జ్వరం రాకూడదు. ఆ సంగతులన్నీ తలకాయలోంచి తీసి ఫైల్లో రాసిపెట్టే పనే కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్. దీనికి మంచి తెలుగు మాట నాకు ఇంతవరకూ తోచలేదు. ‘అమరిక నిర్వహణ’ అంటే పరీక్ష పేపర్లో ఖాళీ పూరించమన్నట్టు ఉంటుంది. మేమంతా కాన్ఫిగ్ అంటాం, మీరూ అనండి.

ఈ పని కోసమే ఓస్లోలో మార్క్ బర్జెస్ 1993లో సీఎఫ్ ఇంజిన్ అనే ప్రోగ్రాము రాశాడు. 2005లో పపెట్, 2009లో షెఫ్, 2012లో మైకేల్ డిహాన్ రాసిన ఆన్సిబుల్. నేను వాడేది ఈ చివరిది. ఆ పేరు ఉర్సులా లెగ్విన్ 1966 నాటి నవలలోది. నక్షత్రాల మధ్య క్షణంలో కబురు పంపే యంత్రానికి ఆమె పెట్టిన పేరు అది. మేం దాంతో నక్షత్రాలకేమీ పంపం. జగిత్యాల నుంచి హైదరాబాద్ సర్వర్‌కు పంపుతాం.

వీటన్నిటి మూల ఆలోచన ఒకటే. వరి మడి దగ్గర నిలబడితే సులువుగా తెలుస్తుంది. జీతగానికి రెండు రకాలుగా పని చెప్పొచ్చు. మోటరు రెండు గంటలు నడిపి బంద్ చెయ్యి అనడం ఒకటి. మడిలో రెండు వేళ్ల నీళ్లుండాలె, చూసుకో అనడం ఇంకొకటి. మొదటి మాట విన్నవాడు నిన్న వాన పడినా సరే రెండు గంటలు నడుపుతాడు. రెండో మాట విన్నవాడు ముందు మడిలోకి చూస్తాడు. నీళ్లుంటే మోటరు జోలికే పోడు. ఆన్సిబుల్ రెండో రకం జీతగాడు. ‘ఈ సర్వర్ మీద ఈ పెట్టె, ఈ వెర్షన్, నడుస్తూ ఉండాలి’ అని ఒక ఫైల్లో రాస్తాం. ఆ ఫైలును ప్లేబుక్ అంటారు. యామల్ అనే పద్ధతిలో రాయాలి. అందులో ఒక్క ఖాళీ అటూఇటూ అయినా ఊరుకోదు. ఆన్సిబుల్ వెళ్లి చూస్తుంది, తేడా ఉంటే దిద్దుతుంది, లేకపోతే వెనక్కి వస్తుంది. పని అయ్యాక కింద లెక్క చెప్తుంది: మార్చినవి ఎన్ని, మార్చనక్కర లేనివి ఎన్ని. మొదటిసారి నడిపితే మార్చినవి ఏడు. వెంటనే మళ్లీ నడిపితే మార్చినవి సున్నా. ఆ సున్నా చూసినప్పుడు కలిగే తృప్తి కోసమే నేను ఈ ఉద్యోగంలో ఉన్నానేమో అనిపిస్తుంది.

మడి మాట వచ్చింది గనక మోటరు మాట కూడా చెప్పాలి. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో మా వైపు రైతులందరూ మోటర్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. రాత్రి రెండింటికి కరెంటొస్తే మోటరు దానంతటదే లేస్తుంది. డాకర్‌లోనూ అచ్చం అదే ఉంది, రీస్టార్ట్ పాలసీ అంటారు. ‘ఎప్పుడూ’ అని పెడితే పెట్టె ఎన్నిసార్లు పడినా లేపుతూనే ఉంటుంది. మొదట సెకనులో పదో వంతు ఆగి లేపుతుంది, తరవాత పడినప్పుడల్లా ఆగే సమయాన్ని ఒక హద్దు దాకా రెట్టింపు చేసుకుంటూ పోతుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక ఆటో స్టార్టర్లు తీసెయ్యమని ప్రభుత్వమే రైతులను కోరింది. మోటర్లన్నీ ఊరికే నడిస్తే భూమిలో నీళ్లడుగంటుతాయని భయం. నేనూ కొన్ని పెట్టెల దగ్గర ఆటో స్టార్టర్ తీసేశాను. రాత్రంతా పడుతూ లేస్తూ, పొద్దున చూసేసరికి ఏమీ ఎరగనట్టు పనిచేసే ప్రోగ్రాము దానికి జబ్బున్న సంగతి దాచిపెడుతుంది. అయిదుసార్లు లేపి చూడు, లేవకపోతే వదిలెయ్, నేనొచ్చి చూస్తాను అని రాస్తే మంచిది.

ఇక వెర్షన్. ఇది చెప్పడానికి జగిత్యాల కంటే మంచి ఊరు లేదు. పొలాస పరిశోధనా స్థానం నుంచి వచ్చిన వరి రకాలను మా రైతులు నంబర్లతో అడుగుతారు. జేజీఎల్ 1798 అంటే జగిత్యాల సన్నాలు. జేజీఎల్ 18047 అంటే బతుకమ్మ. జేజీఎల్ 24423 అంటే జగిత్యాల రైస్ 1. విత్తనాల దుకాణంలోకి పోయి కొత్తగా వచ్చిందేదో ఒకటియ్యి అని ఏ రైతూ అనడు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లు మాత్రం అంటారు. డాకర్‌లో వెర్షన్ చెప్పకపోతే ‘లేటెస్ట్’ అనే చీటీ ఉన్న పెట్టె వస్తుంది. నిన్న వచ్చిన లేటెస్ట్, ఇవాళ వచ్చే లేటెస్ట్ ఒకటే అని ఎవరూ హామీ ఇవ్వరు. పేరులో కొత్త అని ఉన్నంత మాత్రాన కొత్తదే అన్న పూచీ కూడా లేదు, అది ఉత్త చీటీ. రెండు సర్వర్ల మీద ఒకే ప్లేబుక్ నడిపితే రెండు రకాల పంట వచ్చిన రోజులున్నాయి. నంబరు రాసుకోండి. ఇంకా గట్టిగా కావాలంటే పెట్టె లోపలి సరుకంతటినీ లెక్కగట్టి తీసిన 64 అక్షరాల ముద్ర ఉంటుంది, అది రాసుకోండి. లోపల ఒక్క చుక్క మారినా ముద్ర మారిపోతుంది.

పెట్టె సైజు గురించి ఒక చిన్నమాట. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు గారు సిరిసిల్ల వారే. ఆల్పైన్ అనే బుల్లి లైనక్స్ పెట్టె అయిదు మెగాబైట్లకు కాస్త అటూఇటూ ఉంటుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ చీర గుర్తొస్తుంది. అయితే పెళ్లికి కట్టుకుపోయే చీర మాత్రం కొంచెం పెద్దదే ఉండాలి లెండి.

సిరిసిల్లలో మా మేనమామ ఉన్నాడు. బీవై నగర్‌లో ఆయనవి ఎనిమిది సాంచాలు. మరమగ్గం అనే మాట పత్రికల్లోదే, అక్కడందరూ సాంచా అనే అంటారు. సాంచానూ కంప్యూటర్‌నూ కలిపి మాట్లాడే ప్రతివాళ్లూ జకార్డ్ అట్టల కథే చెప్తారు, 1804లో ఫ్రాన్సులో చిల్లుల అట్టలతో పువ్వులు నేశారని. నిజమే. కానీ మామ సాంచాల మీద జకార్డ్ లేదు. ఉన్నది చీటీ.

2017లో బతుకమ్మ చీరల ఆర్డరు మొదలైనప్పుడు సిరిసిల్లలో పాతిక వేలకు పైగా సాంచాలు ఉన్నాయి. అప్పట్లో ఏటా దాదాపు కోటి చీరల లెక్క. ఒక చీర ఒక ఇంట్లో, ఇంకో చీర ఇంకో వాడలో నేసినా రెండూ పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్లలా ఉండాలి. పన్నా ఎంత, పొడుగెంత, అంచు రంగేది, ఇంచికి పేకలెన్ని? ఇవన్నీ ఒక చీటీ మీద రాసి సాంచా పక్కన అతికించేవాడు మామ. పగటి షిఫ్టు కార్మికుడు పోతాడు, రాత్రి షిఫ్టు కార్మికుడు వస్తాడు. చీటీ అక్కడే ఉంటుంది.

నేను చేసే పనేందని ఆయన ఒకసారి అడిగితే పెట్టెల సంగతి, ప్లేబుక్ సంగతి చెప్పాను.

“అంటే చీటీ రాస్తవన్నమాట,” అన్నాడు.

“చీటీ నేను రాస్త మామా, దాన్ని చదివి సాంచాలన్నీ సరిచేసేది ఇంకోటి.”

“మాకు గది సాంచాలు బాగుచేసే జాబర్ చేస్తడు. ఒకసారి ఏం చేసిండో ఎరుకేనా అల్లుడా? పోగులు తెగుతున్నయని పేకల పళ్లచక్రం మార్చిండు. గుడ్డ మంచిగనే వచ్చింది. చీటీ మీద మాత్రం రాయలే. తర్వాత ఇంకొకడొచ్చి చీటీ చూసి పాత చక్రం బిగించిండు. మళ్ల పోగులు తెగుడే. మొత్తం బీము ఆగమైంది.”

“చక్రం మార్చుడు తప్పంటవా?”

“చక్రం మార్చుడు తప్పెట్లయితది? నోరు మూసుకొని మార్చుడు తప్పు.”

ఈ మాట ఆయన అన్నప్పుడు నవ్వాను. ఏడాది తిరక్కుండానే ఆ జాబర్ పని నేనే చేశాను.

ఒక కాలేజీకి ఆన్‌లైన్ దరఖాస్తుల సర్వర్ చూసిపెడుతున్నాను. మూడు పెట్టెలు. ముందు వాకిట్లో ఇంజిన్ ఎక్స్ అనే వెబ్ సర్వర్, దాని వెనక అసలు ప్రోగ్రాము, లోగదిలో డేటాబేస్. అన్నీ ప్లేబుక్‌లో రాసినవే. ఒక రాత్రి పదింటికి ఫోనొచ్చింది, పిల్లలు సర్టిఫికెట్ల ఫోటోలు ఎక్కిస్తుంటే ఎక్కడం లేదని. కారణం నిమిషంలో దొరికింది. ఇంజిన్ ఎక్స్ తనంతట తాను ఒక మెగాబైట్‌కు మించిన సరుకును లోపలికి రానివ్వదు. వాకిట్లోనే ఆపి 413 అని ఒక నంబరు చూపిస్తుంది. ఇవాళ్టి ఫోన్లతో తీసిన ఫోటోలు చాలావరకు మెగాబైట్‌లో ఇమడవు. మందు ఒకటే లైను, పది మెగాబైట్ల దాకా రానీ అని రాయాలి.

ఆ లైనును ప్లేబుక్‌లో రాయాలి. నాకది తెలుసు. కానీ ప్లేబుక్ ఆఫీసు కంప్యూటర్‌లో ఉంది, నేను ఇంట్లో మంచం మీద ఉన్నాను. నడుస్తున్న పెట్టెలోకి నేరుగా దూరాను. ఆ పెట్టెల్లో రాసుకోవడానికి ఎడిటర్ కూడా పెట్టరు, చెయ్యి పెట్టొద్దని చెప్పకనే చెప్పినట్టు. ఏదో తంటాలు పడి ఆ ఒక్క లైను చొప్పించి బయటికొచ్చాను. ఫోటోలు ఎక్కాయి. పడుకున్నాను. పొద్దున రాద్దామనుకున్నాను. రాయలేదు.

ఇందులో మోసం ఎక్కడుందంటే, తరవాత రెండుసార్లు సర్వర్ ఆగి లేచినా నా లైను పోలేదు. పెట్టెను ఆపి లేపితే లోపల చేసిన మార్పులు అలాగే ఉంటాయి. అందుకని నాకు గుర్తు కూడా రాలేదు. రెండు నెలలకు ఇంజిన్ ఎక్స్‌లో భద్రత కోసం కొత్త వెర్షన్ వచ్చింది. ప్లేబుక్‌లో నంబరు మార్చి నడిపాను. ఆన్సిబుల్ రాసింది రాసినట్టు చేసింది: పాత పెట్టెను తీసేసి కొత్తది పెట్టింది. పాతదానితో పాటు నా లైనూ పోయింది. దిద్దుబాటు సరిగ్గా ఒకటి, తప్పులు సున్నా అని లెక్క కూడా చూపించింది. అది దరఖాస్తుల ఆఖరు తేదీకి ముందు రోజు.

మర్నాడు ఫోన్ల మీద ఫోన్లు. రాయికల్ నుంచి ఒక తండ్రి, “సార్, పొద్దటి సంది నెట్ సెంటర్ల కూసున్నం, ఎక్కుతలేదు,” అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

తరవాత ఆలోచిస్తే ఇంకో సంగతి తట్టింది. ఆ రెండు నెలలూ నేను రోజూ ప్లేబుక్ నడిపాను. రోజూ మార్చినవి సున్నా అనే వచ్చింది. అంటే నేను మురిసిపోయిన ఆ సున్నా అబద్ధమా? అబద్ధం కాదు. ఆన్సిబుల్ ఏ పెట్టె, ఏ వెర్షన్, ఏ తలుపు అని తనకు రాసిచ్చినవి మాత్రమే పోల్చి చూస్తుంది. పెట్టె లోపలికి తొంగిచూడమని ఎవరూ దానికి చెప్పలేదు. పపెట్ అయితే దాని ఏజెంటు సర్వర్ మీదే కాపురముండి అరగంటకోసారి చూసుకుంటుంది, కానీ అదీ రాసిచ్చిన వాటినే చూస్తుంది. లోపల ఎవరు చెయ్యి పెట్టారో చూపించేది డాకర్‌లోనే వేరే ఆదేశం, ‘డిఫ్’ అంటారు. చేర్చిన ఫైలుకు ఏ, మార్చినదానికి సీ, తీసేసినదానికి డీ అని పక్కన గుర్తు పెట్టి చూపిస్తుంది. ఇప్పుడు కొత్త వెర్షన్ ఎక్కించే ముందు ఆ ఆదేశం ఇస్తాను. ఒకట్రెండు చోట్ల పెట్టెకు తాళమే వేశాను. లోపల ఎవరూ రాయకుండా, చదవడానికే పనికొచ్చేలా నడపమని ప్లేబుక్‌లో ఒక మాట రాస్తే చాలు. ఇంజిన్ ఎక్స్‌కు తాత్కాలిక ఫైళ్లు పెట్టుకోవడానికి కాస్త జాగా వేరుగా చూపించాలి, లేకపోతే లేవదు. తాళం వేసింది దొంగల కోసం మాత్రమే కాదు, రాత్రి పదింటి నా కోసం కూడా.

అన్నీ ఇలా పారేసి కొత్తవి పెట్టుకునేవే అయితే డేటా సంగతేమిటని మీకు సందేహం రావాలి. బతుకమ్మను చూడండి. ఏ రోజు బతుకమ్మ ఆ రోజే పేరుస్తారు, సాయంత్రానికి చెరువులో వదిలేస్తారు. నిన్నటి బతుకమ్మను బాగుచేసి ఇవాళ ఆడేవాళ్లు లేరు. కానీ తాంబాలం ఇంటికొస్తుంది.  డేటాను పెట్టె లోపల పెట్టం. సర్వర్ మీద వేరే చోట పెట్టి పెట్టెకు ఒక కిటికీ ఇస్తాం, దాన్ని వాల్యూమ్ అంటారు. ఆ కిటికీ ఇవ్వడం మరిచిపోయి డేటాబేస్ పెట్టెను మార్చినవాళ్లను నేనెరుగుదును. వాళ్ల దగ్గర ఆ మాట ఎత్తను.

ఇంకొందరు అడుగుతారు, ఇదంతా కుబెర్నెటిస్ చూసుకుంటుంది కదా అని. గూగుల్ 2014లో బయటపెట్టింది, గ్రీకులో ఓడ నడిపేవాడని అర్థం. వందల పెట్టెలున్న చోట అది కావాల్సిందే. మూడు పెట్టెల కోసం ఓడ కెప్టెన్‌ను జీతానికి పెట్టుకోవడం నాకైతే దండగనిపిస్తుంది. నాచుపల్లి జేఎన్టీయూ కాలేజీలోనో, సిరిసిల్లలో 2021లో వచ్చిన జేఎన్టీయూ కాలేజీలోనో చదివే పిల్లలు వింటుంటే వాళ్లకొక మాట. ముందు ఒక పాత ల్యాప్‌టాప్ మీద రెండు పెట్టెలు పెట్టి, ప్లేబుక్ రాసి, రెండోసారి నడిపినప్పుడు సున్నా తెప్పించండి. ఆ తరవాత ల్యాప్‌టాప్ మొత్తం తుడిచేసి మళ్లీ ప్లేబుక్ నడపండి. ఎక్కడ ఆగుతుందో అక్కడ మీరు చేత్తో చేసి మరిచిపోయింది ఒకటి ఉంటుంది.

చివరగా తాళంచెవి సంగతి. ప్లేబుక్‌లో డేటాబేస్ పాస్‌వర్డుల వంటివి ఉంటాయి గనక వాటిని ఆన్సిబుల్ వాల్ట్‌తో మూటగట్టి దాస్తాం. మూట విప్పాలంటే ఒకే ఒక్క పాస్‌వర్డు. మా దగ్గర అది ఒక తమ్ముడి చేతిలో ఉండేది, అడిగినప్పుడల్లా అతనే కొట్టేవాడు. అతనికి దోహాలో ఉద్యోగం వచ్చింది, సంబరంగా పంపించాం. వెళ్లిన రోజే నాకు ప్లేబుక్ నడపాల్సి వచ్చింది. పాస్‌వర్డు అడిగింది. ఆఫీసులో ఎవరికీ తెలియదు. అతని ఫోన్ స్విచ్ ఆఫ్, విమానంలో ఉన్నాడు. ఏ పెట్టె ఎక్కడుండాలో, ఏ వెర్షనో, ఏ తలుపో అక్షరం పొల్లు పోకుండా రాసుకున్న మేం అయిదు గంటలు చేతులు కట్టుకుని కూచున్నాం.

అర్ధరాత్రి దాటాక అతనే ఫోన్ చేశాడు. “అన్నా, మరిచిపోయిన. నా కీబోర్డు తిప్పి చూడు.”

తిప్పి చూశాం. చిన్న చీటీ, చుట్టూరా టేపు, నల్ల మార్కర్‌తో రాసి ఉంది.